పిల్లలకు రూలూ తెలుసు, అందులోని అన్యాయమూ తెలుసు

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సాండ్రా బెమ్ తన కొడుకు చిన్నప్పటి సంగతి ఒకటి రాశారు. నర్సరీకి వెళ్లే వయసులో ఆ పిల్లవాడు సరదాపడి జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని బడికి వెళ్లాడు. తోటి పిల్లవాడొకడు "నువ్వు ఆడపిల్లవి, ఆడపిల్లలే క్లిప్పులు పెట్టుకుంటారు" అని వెంటపడ్డాడు. ఆడో మగో తేలేది శరీరాన్ని బట్టే గానీ క్లిప్పుల్ని బట్టి కాదని ఇంట్లో నేర్పారు కాబట్టి వీడూ అదే వాదించాడు. ఎంత చెప్పినా, ఏ రుజువు చూపినా అవతలివాడు తగ్గలేదు. అలాంటి శరీరం అందరికీ ఉంటుందిలే, క్లిప్పులు మాత్రం ఆడపిల్లలే పెట్టుకుంటారు అని తేల్చేశాడు.

పెద్దవాళ్లకు ఇది జోకు. ఆ వయసు పిల్లలకు మాత్రం గట్టి లాజిక్కు. రెండు మూడేళ్లకే పిల్లలు "నేను అబ్బాయిని", "నేను అమ్మాయిని" అని చెప్పుకుంటారు. కానీ అది జీవితాంతం మారదనీ, గౌను వేసినంత మాత్రాన, జుట్టు కత్తిరించినంత మాత్రాన తారుమారు కాదనీ నమ్మకం కుదరడానికి ఆరేడేళ్లు పడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లోనే చెప్పారు. లోపల ఏముందో నమ్మకం చిక్కనప్పుడు బయటి గుర్తులే ఆధారం. క్లిప్పు, బొమ్మ, రంగు, ఆట, ఇవే సరిహద్దు రాళ్లు. అందుకే వాటిని ఎవరైనా దాటితే ఆ వయసు పిల్లలకు అంత కంగారు.

విలియం డేమన్ 1970లలో పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి ప్రశ్నలడిగారు. జార్జ్ అనే అబ్బాయికి బొమ్మలతో ఆడుకోవడం ఇష్టం, అమ్మానాన్నలు వద్దంటున్నారు. ఆడుకోవచ్చా, కూడదా? నాలుగేళ్ల వాళ్లు ఇష్టమైతే ఆడుకోనీ అన్నారు. ఆరేళ్ల వాళ్లు తప్పన్నారు, దాదాపు దొంగతనం తప్పన్నంత గట్టిగా. తొమ్మిదేళ్ల వాళ్లు మళ్లీ మెత్తబడ్డారు. మగపిల్లలు మామూలుగా బొమ్మలతో ఆడరు, నలుగురూ నవ్వుతారేమో, అయినా అది వాడి ఇష్టం అన్నారు. జర్మనీలో ఒకే పిల్లల్ని ఐదేళ్ల వయసు నుంచి పదేళ్ల దాకా వరసగా గమనించిన పరిశోధన కూడా ఇదే బాటను చూపింది. అయిదారేళ్లకు పట్టుదల పరాకాష్ఠకు చేరి, తరవాత సడలుతుంది. చిన్నప్పుడు మహా మొండిగా ఉన్నవాళ్లు కూడా సడలుతారు. కాబట్టి యూకేజీ పిల్ల "పింక్ తప్ప వేసుకోను" అని మారాం చేస్తే అది ఆ పిల్ల స్వభావానికి ఆఖరి తీర్పేమీ కాదు.

ఈ దశలో పిల్లలు కట్టుబాటును మనుషులు పెట్టుకున్నదిగా చూడరు, ప్రకృతి నియమంగా చూస్తారు. మరియాన్ టేలర్ 1996లో ప్రచురించిన పరిశోధనలో పిల్లలకు ఒక దీవి కథ చెప్పారు. అక్కడ అందరూ మగవాళ్లే. పసికందుగా ఉన్న ఒక ఆడపిల్లను వాళ్లే పెంచారు. పెద్దయ్యాక ఆ పిల్ల ఏ ఆటలాడుతుంది, ఏం కావాలనుకుంటుంది? చిన్నపిల్లలు తడుముకోకుండా టీసెట్టు, బొమ్మలు అన్నారు. ఆ దీవిలో వాటిని చూపించేవాళ్లే లేరన్న ఆలోచన వాళ్లకు రాలేదు. తొమ్మిది పదేళ్లు దాటినవాళ్లు మాత్రం పెంచినవాళ్లను బట్టి ఉంటుంది కదా అనడం మొదలుపెట్టారు. "మేమేమీ నేర్పలేదండీ, పుట్టుకతోనే అలా ఉంది" అనే తల్లిదండ్రుల మాట ఆ దీవి కథలో చిన్నపిల్లల జవాబుకు చాలా దగ్గర.

ఇంతవరకు చెప్పిన పరిశోధనలన్నీ అమెరికా, జర్మనీ పిల్లల మీద జరిగినవే. ప్రపంచంలో పిల్లలందరి గురించీ ఆ కొద్దిమందిని బట్టి మాట్లాడటం ఈ శాస్త్రానికి పాత జబ్బు. దానికి భిన్నంగా నడిచిన తొలి పెద్ద ప్రయత్నం 1950లలో మానవ శాస్త్రవేత్తలు బియాట్రిస్ వైటింగ్, జాన్ వైటింగ్ దంపతులు మొదలుపెట్టిన ఆరు సంస్కృతుల అధ్యయనం. కెన్యాలో న్యాన్‌సొంగో, ఒకినావాలో తైరా, ఫిలిప్పీన్స్‌లో తరోంగ్, మెక్సికోలో హుస్ట్లాహువాకా, అమెరికాలో న్యూ ఇంగ్లండ్ పట్టణం ఒకటి, మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని ఖలాపూర్. పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగడం కన్నా, వాళ్లు రోజంతా ఎవరితో ఉంటారు, ఏ పనులు చేస్తారు అన్నది దగ్గరుండి చూడటం ఈ పద్ధతి. అందులో తేలిన ముఖ్యమైన విషయం ఏమిటంటే, చంటిపిల్లల్ని ఎత్తుకుని తిరిగే పిల్లలు, ఆడైనా మగైనా, ఇతరుల అవసరాన్ని కనిపెట్టి సాయపడటంలో ముందుంటారు. చాలాచోట్ల ఆ పని ఆడపిల్లల నెత్తిన పడుతుంది కాబట్టి ఆ గుణం కూడా ఆడపిల్లలదే అనిపిస్తుంది.

దీన్ని ఇంకా సూటిగా పరీక్షించే అవకాశం మానవ శాస్త్రవేత్త కరోల్ ఎంబర్‌కు పశ్చిమ కెన్యాలోని లువో సమాజంలో దొరికింది. లువో ఇళ్లలో నీళ్లు మోయడం, కట్టెలు తేవడం, వంట, పసిపిల్లల్ని చూసుకోవడం ఆడపిల్లల పనులు. పశువులు కాయడం మగపిల్లలది. ఆమె పనిచేసిన చోట ఆ తరంలో, కేవలం కాకతాళీయంగా, ఆడపిల్లలు తక్కువ. తగిన వయసు ఆడపిల్ల లేని ఇంట్లో తల్లి ఏం చేస్తుంది? కొడుక్కే బిందె ఇస్తుంది, చంటిదాన్ని వాడి చంకకే ఎత్తిస్తుంది. అలా సుమారు సగం మంది మగపిల్లలు ఆడపిల్లల పనులు చేస్తున్నారు. పని లేని సమయంలో కూడా ఆ పిల్లల నడవడి మిగతా మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్యలో ఉందని ఎంబర్ 1973లో రాశారు. కొట్లాటలు తక్కువ, పెత్తనం తక్కువ, బాధ్యత ఎక్కువ. ముఖ్యంగా ఇంటి లోపలి పనులు చేసినవాళ్లలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. ఆ తల్లులేమీ సమానత్వం కోసం అలా చేయలేదు, పని గడవడం కోసం చేశారు. మన ఊళ్లలోనూ "ఇంట్లో ఆడపిల్ల లేదు కదండీ, వంటపని వీడే అందుకుంటాడు" అని తల్లులు అనడం కొత్తేమీ కాదు. ఆ మాటలో కొంచెం గర్వం, కొంచెం సంజాయిషీ కలిసి ఉంటాయి.

అయితే పనులు పంచినంత మాత్రాన అంతా అయిపోదు. ఆస్తి ఎవరిది, వంశం ఎవరి పేరున సాగుతుంది అన్నది కూడా పిల్లల చెవిన పడుతూనే ఉంటుంది. మేఘాలయలోని ఖాసీల్లో వంశం తల్లి వైపు నుంచి వస్తుంది, పూర్వీకుల ఇల్లు ఆఖరి కూతురికి దక్కుతుంది. (అలాగని అది స్త్రీల రాజ్యమేమీ కాదు, ఊరి సభ అయిన దర్బారులో కూర్చున్నది సంప్రదాయంగా మగవాళ్లే.) ఆర్థిక శాస్త్రవేత్త ఉరీ నీజీ బృందం ఇక్కడా, తండ్రి పెత్తనం బలంగా ఉన్న టాంజానియా మాసాయిల్లోనూ పెద్దవాళ్లతో ఒక ఆట ఆడించింది. టెన్నిస్ బంతిని కొంత దూరం నుంచి బకెట్లో వేయాలి. పడిన ప్రతి బంతికీ ఇంత అని డబ్బు తీసుకోవచ్చు, లేదా కనబడని మరొకరితో పోటీకి దిగి గెలిస్తే మూడింతలు, ఓడితే సున్నా అన్న షరతు ఎంచుకోవచ్చు. మాసాయిల్లో పోటీకి సై అన్నది ఎక్కువగా మగవాళ్లు. ఖాసీల్లో ఆడవాళ్లు. 2009లో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు.

పిల్లల సంగతి ఆ తరవాత తేలింది, అసలు విశేషం అక్కడే ఉంది. ఈశాన్య భారతంలోనే తండ్రి వంశం పాటించే కార్బీ సమాజాన్ని ఖాసీలతో పోల్చి, ఏడేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లల్ని పరీక్షించారు. చిన్న వయసులో రెండు సమాజాల్లోనూ ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా పోటీకి దిగారు. ఖాసీల్లో ఆ సమానత ఏ వయసులోనూ చెదరలేదు. కార్బీల్లో మాత్రం యుక్తవయసు దగ్గర పడేసరికి ఆడపిల్లలు వెనక్కి తగ్గారు. ఆరేళ్లప్పటి మొండి రూళ్లు అమెరికా, జర్మనీ పిల్లల్లో వాటంతటవే కరిగాయి. సంస్కృతి తన చెయ్యి గట్టిగా వేసేది పన్నెండు పదమూడేళ్ల దగ్గర అనిపిస్తుంది.

మన ఇళ్లలో ఆ గీత ఎక్కడ పడుతుందో అందరికీ తెలిసిందే. అప్పటిదాకా వీధి చివర దాకా సైకిల్ తొక్కిన పిల్లకు ఒక్కసారిగా "ఇంక నువ్వు చిన్నపిల్లవి కాదు" అన్న మాట వినిపిస్తుంది. ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఆల్బంలోకి ఎక్కుతాయి, సైకిల్ తమ్ముడి చేతికి పోతుంది.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపిన అధ్యయనం సరిగ్గా ఈ వయసునే పట్టుకుంది. 15 దేశాల్లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లల్నీ, వాళ్ల తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి విడివిడిగా మాట్లాడించారు. ఢిల్లీ, షాంఘై, నైరోబీ, ఎడింబరో, బాల్టిమోర్, అన్నీ ఉన్నాయి. 2017లో ఫలితాలు వచ్చినప్పుడు పరిశోధకులే ఊహించనంత పోలిక కనిపించింది. అమ్మాయి బలహీనురాలు, కాపాడుకోవాలి, అబ్బాయి గట్టివాడు, బయట తిరగాలి. ధనిక దేశంలోనూ ఇదే, పేద దేశంలోనూ ఇదే. అమ్మాయి శరీరమే ప్రమాదం అన్న భావన పదేళ్లకే పిల్లల నోట వినబడింది. ఈ హెచ్చరికలు ఎక్కువగా చెప్పేది తల్లులే.

అందులోనే ఇంకో కోణం ఉంది. చాలాచోట్ల గీత దాటిన అమ్మాయికి కన్నా గీత దాటిన అబ్బాయికే ఎక్కువ ఎగతాళి. అమ్మాయి ఫుట్‌బాల్ ఆడితే, ప్యాంటు వేస్తే క్రమంగా ఒప్పుకుంటున్నారు. అబ్బాయి అమ్మాయిల్లా కనిపిస్తే మాత్రం ఏడిపిస్తారు, కొడతారు. ఇది అబ్బాయిలకు ఎక్కువ అన్యాయం జరుగుతోందనడానికి రుజువు కాదు. మగ వైపు కదలడం పైకి ఎక్కడంగా, ఆడ వైపు కదలడం కిందికి దిగడంగా పిల్లలు కూడా లెక్కగడుతున్నారని రుజువు. తెలుగు ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి, గౌను తొడిగి ఫొటో తీయించడం ఒక ముచ్చట. రెండేళ్ల వాడికి అది ముద్దు. అదే ఫొటో వాడికి పదకొండేళ్లు వచ్చాక చుట్టాల ముందు పెడితే వాడు పడే సిగ్గు చూస్తే ఈ మెట్ల లెక్క అర్థమవుతుంది. అక్క చిన్నప్పుడు చొక్కా నిక్కరు వేసుకున్న ఫొటో ఎవరినీ అలా ఇబ్బంది పెట్టదు.

అఫ్గానిస్తాన్‌లో ఇదే లెక్క మరో రూపంలో కనిపిస్తుంది. కొడుకులు లేని కొన్ని ఇళ్లలో ఒక కూతురికి జుట్టు కత్తిరించి, మగ బట్టలు తొడిగి, మగపిల్లాడిలా పెంచుతారు. బజారుకు వెళ్లడానికి, సంపాదనకు, అక్కాచెల్లెళ్లకు తోడు వెళ్లడానికి ఒక కొడుకు కావాలి. చుట్టుపక్కల వాళ్లలో చాలామందికి నిజం తెలుసు, ఎవరూ గొడవ చేయరు. యుక్తవయసు రాగానే మళ్లీ ఆడపిల్లను చేస్తారు. ఆడపిల్ల ఏ పని చేయగలదు అన్నది అక్కడ ప్రశ్నే కాదు, చేయగలదని కళ్లముందే తేలింది. ఏ పేరుతో చేయాలి అన్నదే ప్రశ్న.

మరి పిల్లలకు ఇందులో అన్యాయం కనిపించదా? కనిపిస్తుంది. ఈ విషయంలో సర్వేలు తరచూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. "భార్య భర్త మాట వినాలా?" అని అడిగితే వచ్చే "అవును" వెనక రెండు వేర్వేరు జవాబులు దాగి ఉండవచ్చు. అది న్యాయం అన్నది ఒకటి, వినకపోతే ఏమవుతుందో తెలుసు అన్నది ఇంకొకటి. ఇజ్రాయెల్‌లోని డ్రూజ్ అనే చిన్న మత సమాజంలో సిసిలియా వైన్‌రిబ్, ఎలియట్ టూరియల్ 1994లో చేసిన పని ఈ రెండింటినీ విడదీసింది. అది మగవాళ్ల మాట గట్టిగా చెల్లే సమాజం. యువతీయువకుల్నీ పెద్దవాళ్లనీ అడిగితే, భర్త వద్దంటే భార్య మానుకోవాలి, తండ్రి వద్దంటే కూతురు మానుకోవాలి అని ఎక్కువమంది అన్నారు. ఎందుకు అని తరిచి అడిగినప్పుడు ఆడవాళ్ల కారణాలు వేరుగా వచ్చాయి. కొడతాడు, వదిలేస్తాడు, ఇంట్లోంచి గెంటేస్తారు. అలా ఆపడం న్యాయమేనా అంటే, కాదు అన్నవాళ్లు వాళ్లలో చాలామంది. రూలు ఒప్పుకోవడం, రూలుకు లోబడటం ఒకటి కాదు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 80 శాతానికి పైగా మహిళలు ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్నారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, అత్తమామల్ని లెక్కచేయకపోవడం, వంట సరిగా చేయకపోవడం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఆ అంకె చూసి మన ఆడవాళ్ల ఆలోచనే ఇంత అని పెదవి విరవడం తేలిక. డ్రూజ్ పరిశోధన చదివాక మాత్రం, ఆ "సబబే"లో ఎంత నమ్మకం, ఎంత అనుభవం అని అడగాలనిపిస్తుంది. ఏదైనా గానీ, ఇంట్లో పిల్లలు వింటున్నది ఆ జవాబునే. హరియాణాలో దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ చూసినదాని ప్రకారం పిల్లల జెండర్ ఆలోచనల మీద తల్లిదండ్రుల ప్రభావం గట్టిదే, అందులోనూ తండ్రి ప్రభావం కన్నా తల్లిది ఎక్కువ.

తెలుగు పిల్లల గురించి ఈ విషయంలో లోతైన సమాచారం యంగ్ లైవ్స్ అధ్యయనంలో ఉంది. 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని ఎంచుకుని ఏళ్ల తరబడి వెంబడించారు. కొడుకు ఎంతవరకు చదవాలి, కూతురు ఎంతవరకు చదవాలి అన్న తల్లిదండ్రుల ఆశల్లో ఇక్కడ మొగ్గు కొడుకు వైపే ఉంది. వియత్నాంలో అలా లేదు. కొడుకును ఫీజు కట్టి ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికి, కూతుర్ని సర్కారు బడికి పంపడం ఇక్కడ మామూలు. దీన్ని పిల్లలకు ఎవరూ మాటల్లో చెప్పక్కర్లేదు. పొద్దున్నే వాడికోసం వ్యాన్ వస్తుంది, తను నడిచి వెళ్తుంది. అంతే. పెద్దవాళ్ల ఆశలు కొన్నేళ్లకు పిల్లల ఆశలవుతాయి. ఆ అధ్యయనంలో వయసులో పెద్దవాళ్ల బ్యాచ్ అమ్మాయిల్లో మూడో వంతుకు పైగా 19 ఏళ్లకే పెళ్లయిపోయింది.

కళ్లముందు ఏం కనిపిస్తే అదే నమ్ముతారు అనడానికి బలమైన ఉదాహరణ పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లా. పంచాయతీ రాజ్ రిజర్వేషన్ల కింద అక్కడ మూడో వంతు ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవులు లాటరీ పద్ధతిలో మహిళలకు వెళ్లాయి. దాంతో ఒకే రకం ఊళ్లను పోల్చి చూసే వీలు చిక్కింది. వరసగా రెండు దఫాలు మహిళ ప్రధాన్‌గా ఉన్న ఊళ్లలో అమ్మాయిల ఆశలకూ అబ్బాయిల ఆశలకూ ఉన్న తేడా 32 శాతం తగ్గింది, చదువులో తేడా మాసిపోయింది, అమ్మాయిలు ఇంటిపని మీద గడిపే సమయం తగ్గింది. 2012లో ఆర్థిక శాస్త్రవేత్త ఎస్తేర్ డుఫ్లో తదితరులు ప్రచురించిన ఫలితాలివి. అమ్మాయిలకు అక్కడ కొత్త ఉద్యోగాలేమీ రాలేదు, ఎవరూ క్లాసులు చెప్పలేదు. మన రెండు రాష్ట్రాల స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవే. చాలా ఊళ్లలో సర్పంచ్ కుర్చీలో ఆమె, పక్క కుర్చీలో సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తూ ఆయన. పిల్లలు ఆ రెండో కుర్చీని కూడా చూస్తారు.

శాస్త్రవేత్త బొమ్మ గీయమన్న పాత పరీక్ష కూడా ఇదే చెబుతుంది. 1966–77 మధ్య సేకరించిన 4,807 మంది పిల్లల బొమ్మల్లో మహిళా శాస్త్రవేత్త కనిపించింది 28 వాటిలోనే, ఆ 28 గీసినవాళ్లూ ఆడపిల్లలే. తరవాతి దశాబ్దాల్లో అమెరికాలో ఆ వాటా సగటున పావు వంతు దాటింది.

స్వీడన్ ఇంకో దారి పట్టింది. అక్కడ ప్రీస్కూళ్లు ఆడామగా మూసల్ని ఎదుర్కోవాలని పాఠ్యప్రణాళికలోనే ఉంది. కొన్ని బళ్లలో అయితే టీచర్లు పిల్లల్ని అబ్బాయిలూ అమ్మాయిలూ అని కూడా పిలవరు. అలాంటి ఒక బడి పిల్లల్ని మామూలు బడి పిల్లలతో పోల్చి 2017లో ఒక పరిశోధన వచ్చింది. బొమ్మల్లో ఎవరు ఆడ, ఎవరు మగ అని గుర్తించడంలో ఈ పిల్లలు ఏమీ తక్కువ కాలేదు. కానీ పరిచయం లేని పిల్లల్లో వేరే జెండర్ వాళ్లతో ఆడటానికి ఎక్కువ ఇష్టపడ్డారు, మూస అభిప్రాయాలు తక్కువ చెప్పారు. చిన్న పరిశోధనే, అయినా తేడాను గమనించడం వేరు, దానికి విలువ కట్టడం వేరు అని చక్కగా చూపింది. కేరళలో 2024 నాటి కొత్త మూడో తరగతి పుస్తకంలో వంటింట్లో తండ్రి కొబ్బరి కోరుతున్న బొమ్మ వేశారు. అది పెద్ద వార్త అయింది. వార్త అయిందంటేనే అలాంటి బొమ్మ ఎంత అరుదో అర్థమవుతుంది.

హరియాణాలో పెద్ద ఎత్తున ఒక ప్రయత్నం జరిగింది. 314 ప్రభుత్వ బళ్లను తీసుకుని, వాటిలో కొన్నింటిలో ఏడో తరగతి నుంచి మొదలుపెట్టి రెండేళ్లకు పైగా ఇంటిపని, చదువు, ఉద్యోగం, వేధింపుల మీద పిల్లలతో చర్చలు నడిపారు. వెనకబాటు అభిప్రాయాల్లో 16 శాతం మారాయి, రెండేళ్ల తరవాత చూసినా ఆ మార్పు నిలిచే ఉంది. ఇంతకీ, ప్రవర్తనలో ఎక్కువ మార్పు చూపినది అబ్బాయిలు. ఇంట్లో పనికి చెయ్యి వేయడం మొదలుపెట్టామన్నారు. అమ్మాయిల ఆలోచనలు మారినంతగా రోజువారీ జీవితం మారలేదు. చదువు మీద వాళ్ల ఆశలు అంతకుముందే బాగా ఎత్తులో ఉన్నాయి, క్లాసు కొత్తగా పెంచాల్సింది పెద్దగా లేదు. బడి అయ్యాక ఎటు వెళ్లాలి, ఎన్నింటికి ఇల్లు చేరాలి, ఎంతవరకు చదవాలి అన్నవి మాత్రం ఆ క్లాసులో కూర్చోని పెద్దవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.